వైరు కావాలా, కేబులా అని షాపులో అడిగితే ఏం చెప్పాలి?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, తప్పయితే సరిదిద్దండి. ఒడిశాలోని కాశీనగర్ దగ్గర పల్లెలో బోరు వేయించారు. ఒకటిన్నర హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు, 60 మీటర్ల లోతులో దించాలి. బోరుకీ ఇంటికీ మధ్య 80 మీటర్లు. ప్యానెల్, అంటే మోటారు స్టార్టరు పెట్టె, ఇంట్లోనే పెట్టాలని మీ ఉద్దేశం. పర్లాకిమిడి బజారులో అడిగితే “వైరు కావాలా, కేబులా?” అన్నారట. తేడా తెలియక ఉత్త చేతులతో తిరిగొచ్చారు. “టీవీకీ కేబులే, నెట్టుకీ కేబులే, బండి క్లచ్‌కీ కేబులే, వంతెనకీ కేబులే, అసలు కేబుల్ అంటే ఏమిటండీ?” అని చివర్లో విసుక్కున్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మీకు కావలసింది రాగి కేబుల్, మూడు కోర్ల (లోపల మూడు రాగి తీగలుండే) ఫ్లాట్ సబ్‌మెర్సిబుల్ రకం, అంటే నీళ్లలో మునిగి ఉండేది. బోరులోకి 4 స్క్వేర్ ఎం.ఎం. (ఒక్కో కోరు లావు, చదరపు మిల్లీమీటర్లలో), బోరు దగ్గర నుంచి ఇంటి దాకా 6 స్క్వేర్ ఎం.ఎం. 2.5 చాలని ఎవరన్నా ఒప్పుకోకండి. ఎందుకో కింద లెక్కతో చెబుతాను.

నేను పర్లాకిమిడిలో ముప్పై ఏళ్లుగా ఎలక్ట్రికల్ షాపు నడుపుతున్నాను. మధ్యలో చాలా ఏళ్లు కేబుల్ టీవీ కూడా నడిపాను. కాబట్టి మీరు చెప్పిన కేబుళ్లలో సగం పైన నా చేతుల మీదుగా వెళ్లినవే.

షాపు భాషలో వైరుకీ కేబుల్‌కీ తేడా చిన్నదే. ఒక్క కోరు, దాని మీద ఒక తొడుగు ఉంటే వైరు. అలాంటివి రెండో మూడో కలిపి పైన ఇంకో తొడుగు వేస్తే కేబుల్. గోడలో పైపులోంచి ఎర్రది, నల్లది, పచ్చది విడివిడిగా లాగుతారు చూడండి, అవి వైర్లు. లోపల రాగి పోగులు ఎన్ని ఉన్నాయన్నదానితో దీనికి సంబంధం లేదు. 2.5 వైరు వలిచి చూస్తే సన్నటి పోగులు ముప్పై ఆరు దాకా ఉంటాయి. అయినా కోరు ఒక్కటే కాబట్టి అది వైరే. పాతకాలం మేస్త్రీలు ఇప్పటికీ ‘త్రీ ట్వంటీ’, ‘సెవెన్ ట్వంటీ’ అంటారు. అంటే 20 గేజి తీగలు మూడు, లేదా ఏడు అని. అది విని కంగారు పడకండి.

మా దగ్గర ఇంకో తిరకాసు ఉంది. ఒడియా వాళ్లు వచ్చి ‘తార’ అంటారు, లావుదైతే మోటా తార, సన్నదైతే సరు తార. పాతపట్నం వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లు ‘తీగ’ అంటారు. కుర్రాళ్లు అన్నిటికీ ‘కేబుల్’ అంటారు. ముగ్గురూ అడిగేది ఒకే వస్తువు అయ్యుండొచ్చు, మూడు వేరే వస్తువులూ అయ్యుండొచ్చు. ఒకసారి కొండ మీద నుంచి ఒకాయన దిగి వచ్చి “కేబుల్ ఇరవై మీటర్లు” అన్నాడు. మా కుర్రాడు టీవీ కేబుల్ కోసి ఇచ్చేశాడు. మర్నాడు పొద్దున్నే మళ్లీ వచ్చాడాయన. “ఏటి బాబూ, ఇదేటి ఇచ్చినావు, దీంతో చెట్టు లాగమంటావా?” అన్నాడు. ఆయనకు కావలసింది పడిపోయిన చెట్టును ట్రాక్టరుతో లాగడానికి ఉక్కు తాడు! కోసిన ఇరవై మీటర్లూ నాకే మిగిలాయి. అప్పటి నుంచి నేను పేరు అడగడం మానేశాను. ఏ పనికి, ఎంత దూరం, ఎక్కడ పడి ఉంటుంది అని మాత్రమే అడుగుతాను. ఎండలోనా, నీళ్లలోనా, మట్టిలోనా, గోడలోనా అన్నది తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

నిజానికి తప్పు ఆయనది కాదు. ఆయన వాడిందే ఆ మాటకు మొదటి అర్థం. కేబుల్ అనే మాట పాత లాటిన్‌లో పశువులను కట్టే తాడు పేరు నుంచి వచ్చింది. మన పలుపు అన్నమాట. పలుపు కాస్తా ఓడల లంగరు మోకు అయింది. ఓడల వాళ్లు దూరాన్ని కూడా ఆ మోకుతోనే కొలిచేవారు. ఒక ‘కేబుల్’ అంటే నాటికల్ మైలులో పదో వంతు, 185 మీటర్లు. కరెంటు పుట్టక ముందే ఈ మాటకు ఇంత చరిత్ర ఉంది. కరెంటు తీగలను తాడులా పేని చుట్టారు కాబట్టి వాటికీ ఆ పేరే అంటుకుంది.

లాగే కేబుళ్ల సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. జర్మనీ గనుల్లో 1834లో ఇనుప తీగలు పేని మొదటిసారి తాడు చేశారు. అప్పటిదాకా గొలుసులు వాడేవారు. గొలుసులో ఒక్క లంకె తెగితే అంతా పోయినట్టే. పేనిన తాడులో ఒక పోగు తెగినా మిగతావి పట్టుకుంటాయి, పైగా తెగిన పోగు ముల్లులా బయటికి పొడుచుకొచ్చి ముందే హెచ్చరిస్తుంది. బరంపురం దాటాక తారాతారిణి కొండకు రోప్‌వే ఎక్కినా, హైదరాబాదులో దుర్గం చెరువు మీద కేబుల్ బ్రిడ్జి దాటినా మిమ్మల్ని మోసేది ఈ సూత్రమే. మీ బండి క్లచ్ కేబుల్ కూడా ఇదే జాతి. అది ఎప్పుడూ లివర్ దగ్గర, గుండు ఉన్న చోట పోగు పోగుగా తెగుతుంది. క్లచ్ పట్టుకుంటే గరగరమంటోందంటే తెగడం మొదలైందని అర్థం. ఆర్.ఉదయగిరి ఘాట్ ఎక్కే ముందు మార్చేయండి. కొండ మీద ఎవడూ అమ్మడు.

ఇక మీ బోరు దగ్గరికి వద్దాం. అసలు విషయం ఇక్కడే ఉంది.

కేబుల్‌లో ఓల్టేజి కారిపోతుంది. పాత పైపులో నీటి ఒత్తిడి తగ్గినట్టే. రాగి అయినా సరే, పొడవు పెరిగితే నిరోధం పెరుగుతుంది, లావు పెరిగితే తగ్గుతుంది. వెయ్యి మీటర్ల 2.5 తీగకు దాదాపు 7.5 ఓములు. 4కు 4.7, 6కు 3.1 అనుకోండి. మీది 80, 60 కలిపి 140 మీటర్లు. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి కాబట్టి లెక్కలోకి వచ్చేది 280 మీటర్ల తీగ. మీ మోటారు నడుస్తున్నప్పుడు ఇంచుమించు 10 ఆంపియర్లు తీసుకుంటుంది.

మొత్తం 2.5 వేస్తే 2.1 ఓములు. 10 ఆంపియర్లకు 21 ఓల్టులు దారిలోనే పోతాయి. నేను చెప్పినట్టు కింద 4, పైన 6 వేస్తే 11 ఓల్టుల దగ్గర ఆగుతుంది. సాయంత్రం పూట పల్లెల్లో కరెంటు 200కు దిగడం మీకు కొత్తేమీ కాదు. అంటే మోటారుకు అందేది ఒక దాంట్లో 179, ఇంకో దాంట్లో 189. పది ఓల్టులకేముందిలే అంటారా? స్టార్ట్ అయ్యే క్షణంలో చూడండి. అప్పుడు మోటారు నాలుగు రెట్లు పైనే లాగుతుంది. 40 ఆంపియర్లు అనుకున్నా, 2.5లో 80 ఓల్టులకు పైగా ఎగిరిపోతాయి. మోటారుకు 120 కూడా మిగలదు. తిరగదు. నూతి అడుగున గురక పెడుతూ వేడెక్కుతుంది.

అమ్మేవాడు 2.5 చాలన్నాడంటే అబద్ధం ఆడాడని కాదు. 10 ఆంపియర్లకు ఆ కేబుల్ నిజంగానే కాలదు. కేబుల్ కాలదు, మోటారు కాలుతుంది. గుణుపూర్ వైపు ఒక రైతుది ఇదే కథ. బోరు పొలం చివర, 150 మీటర్ల పైనే దూరం. ఎవరో 1.5 వేసి వెళ్లారు. రెండేళ్లలో మూడుసార్లు వైండింగ్ కట్టించాడు. ప్రతిసారీ వైండింగ్ మేస్త్రీ రాగి కొట్టేశాడని తిట్టుకున్నాడు. నేను వెళ్లి మోటారు నడుస్తుండగా బోరు దగ్గర మీటరు పెడితే 168 ఓల్టులు. ఇంటి దగ్గర 205. మోటారు ముట్టుకోకుండా కేబుల్ మార్పించాను. మేస్త్రీకి ఆ ఇంటి బేరం పోయింది పాపం.

ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటుంది. సబ్‌మెర్సిబుల్ కేబుల్‌లో మూడు కోర్లు చూసి మూడోది ఎర్త్ అనుకుంటారు. కాదు. మీ సింగిల్ ఫేజ్ మోటారుకు ఆ మూడూ పనిలో ఉన్నవే: స్టార్ట్, రన్, కామన్. ఎర్త్ కోసం విడిగా పచ్చ వైరు వేయాలి. బోరు పక్కన ఎర్త్ పిట్ తీయించండి. వానాకాలంలో తడి చేత్తో ఇనుప పైపు పట్టుకునే వాళ్లు మీ ఇంట్లో ఉన్నారు కదా.

ఖర్చు తగ్గాలంటే ఒక దారి ఉంది. కెపాసిటర్లున్న ప్యానెల్‌ను ఇంట్లో కాకుండా బోరు పక్కనే చిన్న షెడ్డు కట్టి పెట్టండి. అప్పుడు ఇంటి నుంచి బోరు దాకా ఫేజు, న్యూట్రల్, ఎర్త్ వెళితే చాలు. ఆ ముక్కకు అల్యూమినియం ఆర్మర్డ్ కేబుల్ (తొడుగు కింద ఇనుప కవచం ఉండేది) వాడొచ్చు, రాగి కంటే బాగా చవక. కాకపోతే అల్యూమినియం రాగి అంత బాగా కరెంటు మోయదు. రాగి 6 ఉండే చోట అల్యూమినియం 10 వేయాలి. రాగినీ అల్యూమినియాన్నీ నేరుగా మెలిపెట్టకండి, తడి తగిలితే ఆ జాయింట్ బూజు పట్టినట్టు తెల్లగా పొడి రాలుతుంది, వేడెక్కుతుంది. దానికి బైమెటల్ లగ్గులు, అంటే ఒక వైపు రాగి, ఇంకో వైపు అల్యూమినియం ఉండే కొనలు, దొరుకుతాయి.

నేల మీద పారేయకండి. ఆర్మర్డ్ అయితే రెండున్నర అడుగుల లోతున కాలువ తీసి, కింద పైన ఇసుక పోసి, ఇటుకలు పరిచి పూడ్చండి. తరవాత ఎవరైనా గునపం వేస్తే ముందు ఇటుక తగులుతుంది. ఫ్లాట్ కేబులే ఇంటిదాకా తేవాలనుకుంటే నల్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపులో పెట్టి పూడ్చాలి. అది నీళ్లకు పుట్టింది, ఎండకూ ఎలుకకూ పుట్టలేదు.

కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు ఎలాగూ చూస్తారు. దాంతో పాటు తొడుగు మీద మీటరు మీటరుకూ అచ్చేసిన అంకెలు చూడండి. చివరి అంకెలోంచి మొదటి అంకె తీసేస్తే అసలు పొడవు తేలిపోతుంది. వైరు కాయిల్ మామూలుగా 90 మీటర్లు ఉంటుంది. చవగ్గా వచ్చిందని కొని, ఇంటికెళ్లి కొలిస్తే 80 తేలిన వాళ్లు నాకు తెలుసు.

సరే, టీవీ కేబుల్. అది కరెంటు మోసేది కాదు, సిగ్నల్ మోసేది. మధ్యలో రాగి తీగ, చుట్టూ తెల్ల నురగ, దాని మీద రేకు, జల్లెడ, ఆపైన తొడుగు. ఆర్‌జీ 6 అంటారు. దాని నిరోధం 75 ఓములని చెబుతారు గానీ అది మీటరు పెట్టి కొలిచే ఓములు కాదు. లోపలి తీగకూ బయటి జల్లెడకూ మధ్య దూరాన్ని బట్టి వచ్చే లెక్క. అందుకే దాన్ని కరెంటు వైరులా మెలిపెట్టి టేపు చుడితే పనికిరాదు. దూరం చెడిపోయిన చోట సిగ్నల్ వెనక్కి కొడుతుంది. పాత రోజుల్లో తెర మీద నీడ బొమ్మలు వచ్చేవి. ఇప్పుడు డిజిటల్ కాబట్టి బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి ఆగిపోతుంది.

1990ల్లో నేను మొదలుపెట్టినప్పుడు డాబా మీద పెద్ద డిష్, సిగ్నల్ బలం పెంచడానికి వీధికో బూస్టరు. మా ఊళ్లో ఒడియా చానల్ తీసేస్తే ఒక వీధి, తెలుగు చానల్ తీసేస్తే ఇంకో వీధి ఇంటి మీదికి వచ్చేవి. రథయాత్ర రోజు కరెంటు పోయినా తప్పు నాదే! ఆ రోజుల్లోనే మన భాషలో కేబుల్‌కు ఇంకో అర్థం పుట్టింది: మనిషి. “కేబులోడు వచ్చినాడా?” అంటే నేనే. మా అమ్మాయి స్కూల్లో కూడా కేబులోడి కూతురే.

కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట ఒక కిటుకు: రంధ్రంలోకి దూర్చే ముందు కిందికి ఒక వంపు వదలండి. వాన నీరు కేబుల్ వెంట జారి వచ్చి ఆ వంపు దగ్గర కింద పడిపోతుంది, గోడలోకి రాదు. అది కరెంటు సర్వీసు వైరుకూ వర్తిస్తుంది. ఇంత చిన్న పని పదిళ్లలో ఎనిమిదింటిలో ఉండదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. పొద్దున్న లేచేసరికి మా లైన్లు స్తంభాలతో సహా నేల మీద ఉన్నాయి. బూస్టర్లు ఒక్కటీ మిగల్లేదు. మళ్లీ రాగి వేయబుద్ధి కాలేదు, ఫైబర్ వేశాను.

ఫైబర్‌లో వెళ్లేది వెలుతురు. గాజు పోగు మొత్తం మందం 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అందులో వెలుతురు నడిచే దారి 9 మైక్రాన్లే. గాజు ద్వారా దూరాలకు కబురు పంపొచ్చని చూపినందుకు చార్లెస్ కావ్‌కు 2009లో నోబెల్ ఇచ్చారు. నాకు మాత్రం దీనిలో నచ్చింది వేరే. వైశాఖంలో ఉరుములొస్తే రాగి కేబుల్ వెంట పిడుగు ఇళ్లలోకి దిగి టీవీలు పోయేవి, జనం నన్ను నిలదీసేవారు. గాజు పిడుగును మోయదు. కానీ స్తంభాల మధ్య బిగించే ఫైబర్‌లో పక్కనే ఉక్కు తీగ ఉంటుంది, ఇంటి గోడ దగ్గర దాన్ని కత్తిరించి ఆపేయాలి. టీవీ వెనక ఫైబర్‌ను మడత పెట్టకండి. మడత దగ్గర వెలుతురు బయటికి పోతుంది, నెట్ నత్త నడక నడుస్తుంది. తెగిన కొనలోకి కన్ను పెట్టి చూడకండి. ముక్కలు చేతికి గుచ్చుకుంటే కనబడవు కూడా.

ఫైబర్‌లో రాగి ఉండదన్న సంగతి దొంగలకు ఆలస్యంగా తెలిసింది. మొదట్లో రాగి ఉందనుకుని మూడుసార్లు మా ఫైబర్ కోసుకెళ్లారు. ఊరి బయట కాల్చి చూసి బూడిద తప్ప ఏమీ దొరక్క అక్కడే పారేశారు. ఇప్పుడు ఉడుతలే మిగిలాయి, వాటికి ఎవరు చెబుతారు?

మీరు అడగని ఇంకో అర్థం. పాత పేపర్లలో ‘కేబుల్ వచ్చింది’ అని ఉంటే టెలిగ్రాం అని. మన వాళ్లు టెలిగ్రాఫును తంతి అన్నారు, ఒడియాలో, హిందీలో తార్ అన్నారు. అన్నిటిలోనూ తీగ పేరే కబురు పేరయింది. 2010లో అమెరికా రాయబారుల ‘కేబుళ్లు’ బయటపడ్డాయని గోల జరిగింది గుర్తుందా? అవి తీగలు కావు, రాయబార కార్యాలయాలు ఇంటికి రాసుకున్న ఉత్తరాలు. పేరు మాత్రం పాత కాలంనాటిది. మన దేశంలో టెలిగ్రాం 2013 జూలైలో ఆగిపోయింది. సముద్రం అడుగున కేబుళ్లు మాత్రం ఆగలేదు. మీరు ఇక్కడ టైపు చేసిన ప్రశ్న దేశం దాటిందంటే చాలావరకు వాటిలోంచే వెళుతుంది.

అట్లాంటిక్ అడుగున 1858లో వేసిన మొదటి కేబుల్ కథ మీ బోరుకు అక్కరకొస్తుంది. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం దాటడానికి 16 గంటలు పట్టింది. సిగ్నల్ బలహీనంగా ఉందని దాన్ని చూసే పెద్దమనిషి ఓల్టేజి రెండు వేల దాకా పెంచాడు. మూడు వారాల్లో కేబుల్ చచ్చింది. మళ్లీ నిలబడేలా వేయడానికి 1866 దాకా ఆగాల్సి వచ్చింది. ఈసారి మధ్యలో రాగిని లావు చేశారు! మన పల్లెల్లో మోటారు లేవలేదని స్టెబిలైజరు పెంచేవాళ్లను చూసినప్పుడల్లా ఆయనే గుర్తొస్తాడు.

నెట్‌వర్క్ కేబుల్‌కూ ఒక్క మాట. క్యాట్ 6 వంద మీటర్లు దాటించకండి. బ్లేడుతో లోపలి తీగ గీకితే తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, కొనకండి. ఫోను కేబుల్ చార్జ్ అవుతూ ఫొటోలు ఎక్కకపోతే ఫోను పాడైందనుకోకండి. చవక వాటిలో చార్జింగ్ తీగలు రెండే ఉంటాయి, డేటా తీగలు వేయరు.

షాపుకు వెళ్లేటప్పుడు చీటీ మీద ఇలా రాసుకెళ్లండి: “ఒకటిన్నర హెచ్‌పీ సింగిల్ ఫేజ్ బోరు మోటారు. నీళ్లలోకి 60 మీటర్లు, 4 స్క్వేర్ మూడు కోర్ల ఫ్లాట్ రాగి. పైన 80 మీటర్లు, 6 స్క్వేర్. ఎర్త్ వైరు విడిగా.” రెండింటికీ చెరో అయిదు మీటర్లు ఎక్కువ తీసుకోండి, ప్యానెల్ దగ్గర అవసరం పడుతుంది. మోటారు దగ్గర జాయింట్ వేశాక వెంటనే దించేయకండి. ఆ జాయింట్‌ను బకెట్ నీళ్లలో రాత్రంతా ముంచి ఉంచి, పొద్దున్న మెగ్గర్‌తో (తొడుగులోంచి కరెంటు కారుతోందేమో చూసే మీటరు) లీకేజీ చూడమనండి. దించాక సాయంత్రం ఆరింటికి మోటారు నడుస్తుండగా ప్యానెల్ మీద ఓల్టేజి, ఆంపియర్లు ఎంత చూపిస్తున్నాయో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.